ఇరవై కిలోల తేడా

విమానం కడుపులో ఏ పెట్టె ఎక్కడ కూర్చోవాలో లెక్క కట్టే ఉద్యోగం ఆయనది. తోటివాళ్ళు ఆయన్ను గ్రాముల మాస్టారు అంటారు, ఎదురుగా మాత్రం కాదు. సరుకుల షెడ్డు పక్కన కిటికీ లేని గది, ఒక కంప్యూటరు, ఒక కుర్చీ. రెండో కుర్చీ కూడా ఉండేది కానీ, అందులో ఎవరూ కూర్చోవడం లేదని ఎవరో పట్టుకుపోయారు.

ఆ రోజు ఉదయం మాత్రం మాస్టారికి ఒక పథకం ఉంది. ఆరేళ్ళుగా చూడని అక్క తొమ్మిదింటికి ఇక్కడ ఒక విమానం దిగి, పదింటికి ఇంకొకటి ఎక్కుతుంది. ఆ రెండో విమానం లెక్క ఆయనదే. చకచకా తేల్చి సంతకం పెట్టేస్తే పై అంతస్తులో అక్క పక్కన అరగంట కూర్చోవచ్చు. ఇంట్లో పలకరించే మనిషి లేని ఆయనకు అరగంటంటే మాటలు కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు.

రూలు ప్రకారం రోజూ కాటా మీద ఇరవై కిలోల ఇనుప దిమ్మ పెట్టి, కాటా నిజం చెబుతోందో లేదో చూడాలి. పెట్టాడు. కాటా ఇరవై చూపించింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"దిగాన్రా తమ్ముడూ! ఎక్కడున్నావు?"

"ఒక్క పావుగంటక్కా, వచ్చేస్తున్నా!" అంటూ సంతోషం పట్టలేక గదిలోకి పరుగెత్తాడు. దిమ్మ కాటా మీదే ఉండిపోయింది.

కాసేపటికి లోడర్ల మేస్త్రీ రేడియోలో పిలిచాడు. "మొదటి పెట్టె కాగితంలో నలభై కిలోలండీ. ఇక్కడ అరవై తూగుతోంది."

"ఒక్కటి తేడా వస్తే మొత్తం తూచాలి. రూలు."

"యాభై రెండు పెట్టెలండీ బాబూ!"

"తూచండి."

ఇంకెవరైనా అయితే సంతకం గిలికేసి పైకి పోయేవారు. మాస్టారికీ చెయ్యి లాగింది. కానీ బరువు తెలియని విమానాన్ని గాల్లోకి పంపడం ఆయన వల్ల కాలేదు. పైగా అందులో కూర్చునేది అక్క.

ప్రతి పెట్టెకూ కచ్చితంగా ఇరవై కిలోలు ఎక్కువ వచ్చింది. "ఎంత పద్ధతిగా మోసం చేస్తున్నారో చూడు!" అని మాస్టారు పళ్ళు కొరికాడు. సరుకు పంపినవాడికి ఫోను చేస్తే, "అవి పిల్లల బొమ్మలండీ, మహాప్రభో!" అని లబలబలాడాడు. కెప్టెన్ ఇంధనం లెక్క మళ్ళీ వేయమన్నాడు. భద్రతా విభాగం వాళ్ళు కుక్కను తీసుకొచ్చారు. అది పెట్టెలన్నీ వాసన చూసి, ఒక కుందేలు బొమ్మను నోట కరుచుకుని చక్కా పోయింది. తేడా తేలేదాకా మాస్టారు కదలకూడదు. ఈలోగా ప్రయాణికుల్ని విమానం ఎక్కించేశారు.

ఫోను మళ్ళీ మోగింది.

"నువ్వు రానేలేదు, నేను ఎక్కేశాను. అయినా ఇది కదిలి చస్తేగా! ఎవడో చాదస్తుడు పెట్టెలన్నీ మళ్ళీ తూయిస్తున్నాడటరా."

"అలాగా అక్కా?"

"వాడికి పెళ్ళాం పిల్లలు ఉండి ఉండరు. ఇంటికెళ్ళే తొందర ఉన్నవాడెవడైనా ఇలా చేస్తాడా?"

"లేరక్కా."

"నీకెలా తెలుసు?"

"ఊరికే... అనుకుంటున్నా."

అక్క వాడి ఏడు తరాలనూ కడిగేసింది. అలిసిపోయి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. బావ గురక గురించీ, కోడలు కొన్న సోఫా గురించీ చెప్పి, మళ్ళీ వాడి దగ్గరకొచ్చింది. ఒక చెవికి రేడియో, ఒక చెవికి అక్క. మాస్టారు ఊ కొడుతూ కూర్చున్నాడు. ఈ ఆరేళ్ళలో ఆయనతో ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు.

చివరికి, ఫోను చేత్తో మూసుకుని తనే షెడ్డులోకి వెళ్ళాడు. కాటా మీద పెట్టె లేదు. అంకె మాత్రం ఇరవై అని వెలుగుతోంది.

"దిమ్మ తీయలేదేమయ్యా?"

"మీరు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని గోడ మీద కాగితం అంటించింది మీరేగా," అన్నాడు మేస్త్రీ వినయంగా. "దాని పక్కనే జాగ్రత్తగా పెట్టి తూచామండీ."

మాస్టారు దిమ్మ దించాడు. అక్కకు ఊ కొడుతూనే, రూలు ప్రకారం యాభై రెండూ మళ్ళీ తూయించాడు. అన్నీ నలభైయే. సంతకం పెట్టి, ఫోనులో చెప్పేశాడు.

"అక్కా, ఆ చాదస్తుణ్ణి నేనే."



"తూచడం అయిపోయిందా?" అంది అక్క.

"అయిపోయింది. తలుపు వేసేస్తున్నారు."

"అప్పుడేనా?"

విమానం గంటా యాభై నిమిషాలు ఆలస్యంగా ఎగిరింది. మాస్టారు గదిలోకి వచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని ఆలస్యం నివేదిక తీశాడు. తప్పెవరిది అన్నచోట తన పేరు రాశాడు. ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు రాశాడు. "ఇలాంటిది మళ్ళీ జరగకుండా తీసుకునే చర్యలు" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక గడి ఖాళీగా వదిలేసి కాగితం పంపేశాడు.

ఆ గడి నింపలేదని సాయంత్రానికి కాగితం తిరిగొచ్చింది.