డాక్టరమ్మా, జోయాకు అప్పుడే నయం చేయకండి!

దేశంలో డాక్టర్ల సంఘాలు మరీ ఎక్కువైపోయాయని కొందరు విసుక్కుంటారు. అలాంటివాళ్లతో నాకు పడదు. నన్నడిగితే ఇంకా తక్కువే! కంటికొకటి, పంటికొకటి, మోకాలికొకటి ఉండగా పిల్లల కడుపు ఏం పాపం చేసింది? అందుకే 'పిల్లల జీర్ణకోశ, కాలేయ ఆరోగ్య మరియు పోషకాహార నిపుణుల సంఘం' అనేది ఒకటుందని తెలిసిన రోజు మా ఇంట్లో సేమ్యా పాయసం చేయించాను.

పేరు పొడుగని భయపడకండి. దాన్ని ఒక్క గుక్కలో చదివితే కడుపులో గ్యాసంతా అక్కడికక్కడే బయటికి పోతుంది. నేను చదివి చూశాను.

ఇదివరకు మా వైపు పిల్లలకు కడుపునొప్పి వస్తే బొడ్డు జారిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, పచ్చి జామకాయ తిన్నారని ఒకరు అనేవాళ్లం. ముగ్గురు చెప్పిందీ చేసేవాళ్లం. ఇప్పుడలా కాదు. పేగు ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో తెర మీద రంగుల్లో చూపిస్తారు! ఇంత అభివృద్ధిని చూసి కూడా విసుక్కుంటే ఎలా?

ఈ సంఘం వారి సదస్సును నేను మొదట జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో చూశాను. డాక్టర్‌ను కాకపోయినా వెళ్లాను. భోజనాలున్న సభకు పిలుపు కోసం ఎదురుచూసే అలవాటు నాకు లేదు. పిల్లలకు పీచు పదార్థం ఎంత అవసరమో ఒక పెద్ద డాక్టరుగారు కళ్లు మూసుకుని చెబుతున్నారు. సరిగ్గా అప్పుడే హాలు వెనక బిర్యానీ డేగిశా మూత తీశారు. ఆయన కళ్లు తెరిచేసరికి ముందు వరసలో నేనొక్కడినే ఉన్నాను. అదీ కాలికి తిమ్మిరెక్కి! దీన్ని కొందరు వెక్కిరిస్తారు. అయ్యా, కడుపు మీద పరిశోధన చేసేవాళ్లు కడుపు మాడ్చుకోవాలా?

ఆ భోజనాల దగ్గరే డాక్టర్ స్రవంతిగారు పరిచయమయ్యారు. సంఘం తరఫున బడుల్లో అవగాహన శిబిరాలు పెట్టేది ఆవిడే. డబుల్ కా మీఠా రెండోసారి వడ్డించుకుంటూ మా ఊరికి రమ్మని అడిగాను. మాది దేవరుప్పుల దగ్గర ఊరు. పేరు రాయను. రాస్తే బడి పేరు కూడా రాసినట్టే.

అడగడానికి కారణముంది. మా పక్కింటి చోటీ బీ మనవరాలు జోయాకు ఆర్నెల్లుగా కడుపునొప్పి. ఏడో తరగతి చదువుతోంది. పొద్దున బాగానే బడికి పోతుంది. మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని బెంచీ మీద ముడుచుకుంటుంది. చిత్రమేమిటంటే ఆదివారం నొప్పి రాదు. దసరా సెలవుల్లో అసలే రాలేదు. దాంతో ఊరంతా కలిసి ఆ పిల్లకు 'బడిదొంగ' అని పేరు పెట్టింది.

చోటీ బీ మాత్రం నమ్మలేదు. మహబూబాబాద్‌లో బొడ్డు ఎక్కించే ముసలమ్మ దగ్గరికి తీసుకుపోయింది. జనగామలో స్కానింగ్ తీయించింది. కాళేశ్వరం పోయేవాళ్లు దొరికితే, "గోదారి నీళ్లు ఓ సీసల తేండ్రి" అని వాళ్లకూ చెప్పింది. ఏదీ పని చేయలేదు. చివరికి ఒక సాయంత్రం మా అరుగు మీద కూలబడింది.

"ఇగ నాతోని గాదన్నా. ఎండాకాలం సెలవులైనంక బడి మాన్పిస్త. కుట్టుమిషిని నేర్సుకుంటది. పోరి గట్ల మెలికలు తిరుగుతుంటే నేనెట్ల సూడాలె?"

జోయా గోడ పక్కన నిలబడి వింటోంది. లెక్కల్లో క్లాసు ఫస్టు ఆ పిల్ల. ఏడవలేదు గానీ మొహం చూడలేకపోయాను. ఇక సంఘమే దిక్కనుకున్నాను.

సంఘం వస్తుందంటే బడి ఎలా మారిపోయిందో మీరు చూడాలి! గేటు మీద బ్యానర్. దాని మీద నవ్వుతున్న చిన్నపేగు బొమ్మ. దాని పక్కన చేతులు పట్టుకుని నవ్వుతున్న పెద్దపేగు. వీటన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు బడి వెనక జరిగింది. ఆడపిల్లల బాత్రూం తాళం తీశారు.

మీకు మా బడి బాత్రూం గురించి తెలియదు కదా! రెండేళ్ల కింద కట్టారు. తెల్లటి టైల్సు, నీలం తలుపు. ఆఫీసర్లు వచ్చినప్పుడు తీస్తారు, పోయాక వేస్తారు. మిగతా రోజుల్లో తాళంచెవి హెడ్మాస్టర్ ప్రభాకర్ సార్ జేబులో ఉంటుంది. అందుకే ఇప్పటికీ కొత్తగా ఉంది. వాడితే పాడైపోయే వస్తువును వాడకుండా కాపాడటం కంటే పెద్ద దేశసేవ ఏముంటుంది?

శిబిరం మొదలైంది. స్రవంతిగారు స్లైడ్లు చూపిస్తున్నారు. నీళ్లు బాగా తాగాలి. ఆకుకూరలు తినాలి. వచ్చినప్పుడు ఆపుకోకూడదు. మగపిల్లలు పేగు బొమ్మ చూసి కేరింతలు కొడుతున్నారు. ఆడపిల్లల వరసలు మాత్రం వెనక నుంచి ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. కాసేపటికి అటువైపు ఎవరూ మిగల్లేదు.

"ఆడపిల్లలకు నా పాఠం నచ్చలేదేమో!" అన్నారు డాక్టరమ్మ చిన్నబోయి.

బిర్యానీ ఏమైనా వచ్చిందేమోనని ముందు నేను లేచాను. నా వెనకే ఆవిడా వచ్చారు. బడి వెనక చూస్తే పెద్ద లైను! నీలం తలుపు దగ్గర మొదలై ప్రహరీ గోడ దాకా. సినిమా టికెట్ల దగ్గర కూడా అంత సంతోషంగా నిలబడరు. మధ్యలో జోయా.

"ఏం పాపా, స్లైడ్లు బాగలేవా?" అని అడిగారు డాక్టరమ్మ.

"బాగున్నయి మేడం. కని మీరు పోయేలోపట మేం పోయి రావాలె గద!"

"నేను పోతే ఏమవుతుంది?"

"తాళమేస్తరు."

డాక్టరమ్మ లైను చివరి దాకా ఒకసారి చూశారు. తర్వాత జోయాను పక్కకు తీసుకెళ్లి, "బడిలో నీళ్లు తాగుతావా?" అని అడిగారు.

"తాగ. తాగితే మళ్ల ఆపుకోవాలె. ఇంటికి పోయినంక తాగుత."

అంతే! స్కానింగుకు దొరకని జబ్బు అక్కడ దొరికింది. నీళ్లు తాగక, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని, ఆ పిల్లకు గట్టి మలబద్ధకం పట్టుకుంది. "మందు కొన్నాళ్లు వాడితే చాలు. తాళం మాత్రం రోజూ తీయాలి సార్" అన్నారు డాక్టరమ్మ హెడ్మాస్టరుతో.

ప్రభాకర్ సార్ చెడ్డవారు కాదు. ఆయన మొహం ఎర్రబడింది. "మేడం, తియ్యనీకి నాకేం కష్టం? మోటరు కాలి మూలకు పడ్డది. ఇయ్యాల మీరొస్తున్నరని నీళ్లు మోయించిన. కడిగెతందుకు మనిషి లేడు. అందరికి తెరిస్తే రెండు దినాలల్ల ముక్కు మూసుకోవాలె. ఎవలు కడగాలె? నేనా?"

ఈ ప్రశ్నకు స్లైడు లేదు. సంఘం వారిని నేను తప్పుపట్టను. వాళ్లు కడుపు వరకే నిపుణులు. కడుపు దాటి బయటపడ్డాక అది వేరే శాఖ. ఆ శాఖకు సంఘమూ లేదు, సదస్సూ లేదు, బిర్యానీ అసలే లేదు.

చివరికి రాజీ కుదిరింది. జోయా పేషెంటు అని డాక్టరమ్మ చెప్పారు కాబట్టి జోయాకు మాత్రం తాళంచెవి ఇస్తానన్నారు సార్. నయమయ్యేదాకా! నాడా కట్టి మెడలో వేశారు. చప్పట్లు కొట్టాం. పోతూ పోతూ సంఘం వారు బడికి 'ఉదర మిత్ర' అని ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం ఇచ్చారు. కొత్త సున్నం పడిన గోడ బాత్రూందొక్కటే కాబట్టి ఆ పత్రాన్ని నీలం తలుపు పక్కనే తగిలించారు.

మరి మిగతా ఆడపిల్లలు? వాళ్లకు ఏ జబ్బూ లేదే, తాళం ఎలా తీస్తారు?

ఇక్కడే మా ఊరి బుర్ర పనిచేసింది. మా దగ్గర పేషెంటు ఒంటరిగా ఏ దవాఖానకైనా పోతుందా? వెంట మనుషులుండాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు ఓదార్చాలి, ఒకరు సంచి మోయాలి. జోయా వెంట కూడా బయల్దేరారు. పొద్దున ఏడో తరగతి, మధ్యాహ్నం ఎనిమిది, తొమ్మిది. చేతిలో తలా ఒక సీసా నీళ్లు, చివరి పిల్ల చేతిలో చీపురు. వాళ్లే పోసుకుంటారు, వాళ్లే కడుగుతారు. ప్రభాకర్ సార్ వరండాలోంచి చూస్తారు. చూసి, పేపరు ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంటారు.

ఆడపిల్లలు బడి గంటల మధ్య నీళ్లు మోసి, చీపురు పట్టడం న్యాయమేనా అని మీరడగొచ్చు. కాదు. నాకు రాస్తుంటేనే సిగ్గేసే అన్యాయం అది. కానీ మోటరు బాగయ్యేదాకా, మనిషిని పెట్టేదాకా, వాళ్లకు మిగిలిన దారి అదొక్కటే.

నెల తిరిగేసరికి జోయాకు నొప్పి పోయింది. రెండు పూటలా తింటోంది. బడి మాన్పించే మాట చోటీ బీ నోట మళ్లీ రాలేదు. మొన్న ఆవిడ రొట్టెలో బెల్లం, నెయ్యి కలిపి మలీదా చేసుకుని, బడికి పోయి సార్‌కు స్వయంగా చెప్పి వస్తానని బయల్దేరింది. జోయా పరుగున మా ఇంట్లోకి వచ్చింది.

"తాతా, దాదీకి జర చెప్పవా? నాకు నయమైందని సార్‌కు చెప్పొద్దని!"

"ఎందుకే?"

"చెప్తే తాళంచెవి గుంజుకుంటడు. మా క్లాసోళ్లంత ఏం గావాలె?"

నేను పోయి చోటీ బీని గేటు దగ్గరే ఆపాను. మలీదా నేనే తినేశాను.

కాబట్టి సంఘం పెద్దలారా, మీ మీద నా గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. ఎంత జబ్బునైనా నయం చేస్తారని తెలుసు. అందుకే ఈ విన్నపం. వచ్చే నెల స్రవంతిగారు మళ్లీ వచ్చి జోయా కడుపు నొక్కి చూస్తారట. తప్పకుండా నొక్కండి. ఎక్కడ నొక్కినా ఆ పిల్ల "అమ్మీ!" అని మూలుగుతుంది. ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తోంది, నేను చూశాను.

దయచేసి నమ్మండి డాక్టరమ్మా. నమ్మి, ఇంకా తగ్గలేదని సార్‌తో చెప్పి వెళ్లండి.