రీజియన్ కోడ్ చల్లగా ఉండాలి

రీజియన్ కోడ్‌ను తిట్టేవాళ్ళకు కళ్ళు పోతాయి! డీవీడీ పెట్టగానే ‘ఈ డిస్క్ మీ ప్రాంతానికి చెందినది కాదు’ అని కంప్యూటర్ మొహం మీదే చెప్పేస్తుందే, ఆ కోడ్ గురించే నేను మాట్లాడుతున్నది. ఈ రోజుల్లో అంత నిక్కచ్చిగా మాట్లాడేవాళ్ళు ఎవరున్నారండీ?

తెలియనివారి కోసం రెండు ముక్కలు. డీవీడీలు అమ్మే పెద్దలు ప్రపంచాన్ని వాటాలు వేసి, వాటాకో నంబరు ఇచ్చారు. ఒక నంబరు డిస్క్ ఇంకో నంబరు డ్రైవ్‌లో, అంటే కంప్యూటర్‌లో డిస్క్ పెట్టే అరలో, ఆడదు. డ్రైవ్ నంబరు మార్చుకోవచ్చు గానీ, ఐదేసార్లు. ఆపైన ఏ నంబరు దగ్గర ఆగిందో దానికి జన్మంతా అదే.

ఎంత నిష్ఠ! మనుషులు ఉద్యోగాలు మారుస్తారు, ఫోన్లు మారుస్తారు, పొద్దున ఇచ్చిన మాట సాయంత్రానికి మారుస్తారు. ఐదుసార్లతో ఆగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, దండేసి దణ్ణం పెడతాను.

మా ఇంటి సంగతే చెబుతాను. మా మామగారు వయొలిన్ వాయించేవారు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఎప్పుడో పరాయి దేశంలో చేసిన కచేరీని అక్కడివాళ్ళు డీవీడీగా వేశారని తెలిసి మా ఆవిడ తెప్పించింది. ఆయన వాయిస్తుండగా తీసిన వీడియో అదొక్కటే. మా దగ్గరే ఉంటున్న అత్తగారు డిస్క్ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, “ఆదివారం అందరం కూర్చుని చూద్దాం” అన్నారు.

సోమవారం నేను ముందుజాగ్రత్తగా డిస్క్ పెట్టి చూశాను. ప్రాంతం కాదంది. నంబరు మార్చి ఆఫీసుకు వెళ్ళిపోయాను. మంగళవారం మా ఆవిడ వ్యాయామం డిస్క్ ఆడలేదు. ఆవిడ నంబరును మళ్ళీ వెనక్కి మార్చింది. గురువారం నేను మార్చాను. శుక్రవారం ఆవిడ మార్చింది. ఒకరికొకరం చెప్పుకున్నామా? లేదు. ఎవరికి వారు కంప్యూటర్‌కే మతిమరుపు అనుకున్నాం.

డ్రైవ్ కొన్నరోజు పెట్టిన నంబరుతో కలిపి ఐదూ అయిపోయాయి. ఆదివారం అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని ముందు కుర్చీలో కూర్చున్నారు. డ్రైవ్ మాత్రం శాశ్వతంగా వ్యాయామం పక్షాన నిలబడిపోయింది.

డిస్క్‌లో ఉన్నదంతా ఆఫీసు కంప్యూటర్‌లో కాపీ చేసి ఇంటికి పట్టుకొచ్చాను. ఫైళ్ళతోపాటు ఆ నంబరూ దిగబడింది! ప్లేయర్ మళ్ళీ అదే పాట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

“రేపు వస్తుందా?” అని అత్తగారు రోజూ అడిగేవారు. మా ఆవిడ నావైపు చూసేది. నేను కంప్యూటర్ వైపు చూసేవాణ్ణి, ఆవిడా అటే చూసేది. భార్యాభర్తలు ఒకే వస్తువును వారం రోజులు కలిసి చూడటం మా పెళ్ళయ్యాక అదే మొదలు. ఇదీ కోడ్ పుణ్యమే!

చివరికి కంప్యూటర్లు బాగుచేసే ఆవిడను పిలిచాం. అన్నీ తిరగేసి చూసి, “దేనికీ రోగం లేదు సర్. మీ డిస్క్ అసలుది, అదే తంటా. దొంగ కాపీ అయితే ఆ నంబరు ముందే తీసేసి ఉంటారు, కిక్కురుమనకుండా ఆడేది” అంది.

చూశారా! కొన్నవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఊరూ పేరూ అడుగుతుంది. దొంగను మాత్రం లోపలికి దయచేయమంటుంది. ఇంతటి అతిథి మర్యాద ఇంకెక్కడైనా ఉందా?

ఆవిడ మా కాపీలోంచి ఆ నంబరు పీకేసింది. ఐదు నిమిషాల పని. “ఇలా తీయకూడదట. నేను చేశానని ఎక్కడా రాయకండి” అంది. అందుకే ఎవరో రాయడం లేదు.

తెర మీద మామగారు వచ్చారు. వాద్యబృందం రెండో వరసలో కూర్చుని తీగ సవరించుకుంటున్నారు. అత్తగారు కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నారు. మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“అల్లుడుగారూ, మీ మామగారు వీధి చివరికి వెళ్ళాలన్నా నాతో చెప్పే వెళ్ళేవారు” అన్నారు అత్తగారు. “ఇప్పుడాయన మనింటికి రావాలంటే ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒప్పుకోవాలా?”

రీజియన్ కోడ్ గొప్పతనం మీద ఇంకో రెండు పేజీలు రాసిపెట్టుకున్నాను. అత్తగారి ముందు చదివే ధైర్యం లేక చించేశాను.