మేళ్లచెరువులో కాస్పియన్ సముద్రం

బంతీ, నేలా, కాళ్లూ ఉంటే చాలు, ఫుట్‌బాల్ ఆడవచ్చని నమ్మిన జాతి ఏదీ ప్రపంచంలో బాగుపడిన దాఖలా లేదు. నాగరికులైన ప్రజలు ముందు గుర్తింపు పొందుతారు. ఆట, వీలుంటే, ఆ తర్వాత. ఈ సత్యం వైపు నా మొదటి అడుగు 1959 జూన్ 21, ఆదివారం నాడు పడింది. ఆ పొద్దున జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్నాను. రొట్టె నేను చేసింది కాబట్టి అంచులు విరిగిపోయాయి. పప్పు పక్కింటి భద్రమ్మది కాబట్టి బాగుంది. (నా భార్య సుగుణమ్మ పోయిన తర్వాత భద్రమ్మ ఒక్కసారి కూడా నన్ను చూసి "పాపం" అనలేదు. గిన్నె గోడ మీద పెట్టి, "సారూ, పిల్లి చూస్తాంది" అని కేకేసేది. అంతకంటే మర్యాదైన పరామర్శ నేనెరుగను.)

నేను మేళ్లచెరువు బడిలో పంతులుని. ఊరి పఠన మందిరం తాళంచెవి కూడా నా దగ్గరే ఉండేది. మందిరం అంటే ఒక గది, రెండు బల్లలు, గోడకు తగిలించిన లాంతరు. రష్యా నుంచి ఒక బొమ్మల పత్రిక ఇంగ్లీషులో వచ్చేది, కొన్ని నెలలు ఆలస్యంగా. మా ఊరికి ఏదైనా రావడమే గొప్ప కనుక ఆలస్యం గురించి ఎవరూ అడగలేదు. ఆదివారాలు సున్నం బట్టీల కార్మికులు వచ్చి కూర్చుంటే, అందులోది ఏదో ఒకటి తెలుగు చేసి చెప్పేవాణ్ణి.

ఆ ఆదివారం అజర్‌బైజాన్‌లోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర వచ్చింది. కాస్పియన్ సముద్రం ఒడ్డున చమురు బావుల పట్నం. బావుల్లో పనిచేసేవాళ్లే యుద్ధానికి ముందు జట్టు కట్టారు. నూనె ఇంకిన ఇసుకలో వట్టికాళ్లతో ఆడారు. యుద్ధంలో సగంమంది పోయారు. మిగిలినవాళ్లు తిరిగి వచ్చి, మైదానంలో వేసిన ఉల్లి పంట పీకి, గీతలు గీసి, మళ్లీ ఆడారు. చివరికి దేశంలో ఒకటో తరగతి జట్లలో చేరారు. ఇప్పుడు వాళ్లు కాగితం మీద చమురు కార్మికులే గానీ, చేసే పని బంతి తన్నడం, జీతం అందుకే. (దీన్ని అక్కడ క్రీడ అంటారు. మన ఆఫీసుల్లో డెప్యుటేషన్ అంటారు.) ఆ క్లబ్బు పేరు మా నోరు తిరగలేదు. మేము వాళ్లను చమురోళ్లు అన్నాం.

వాళ్ల గోలీకి, అంటే గోలు కాసేవాడికి, ఒక వేలు సగమే ఉందట, మిగతాది బావి యంత్రం తిన్నదట. అది వినగానే వెనక బల్ల మీద భిక్షం లేచి నిలబడ్డాడు. బట్టీలో రాయి పగలగొట్టేవాడు, మా ఊరి జట్టుకు గోలు కాసేవాడు. సున్నానికి కాలి కాలి అతని వేళ్లు సుద్దముక్కల్లా ఉండేవి.

"వాళ్లది నూనె, మనది సున్నం. గంతే ఫరక్ సార్," అన్నాడు.

"వాళ్లకు సముద్రముంది భిక్షం."

"మనకు చెరువున్నది గద."

"చెరువులో నీళ్లు లేవు."

"సముద్రంల నీళ్లున్నా తాగుతరా సార్?"

నా బి.ఏ.ను పత్రికతోపాటు మడిచి బల్ల మీద పెట్టాను.

భిక్షానికి కావలసింది ఒక్కటే, ఒక నిజమైన ఆట. బట్టీల వెనక సర్కారు జాగా ఉంది. అంతకుముందు ఎండకాలమంతా కార్మికులు పని దిగినాక అక్కడ రాళ్లు ఏరి, చదును చేసి, రెండు దిక్కుల వేప గుంజలు పాతారు. గీతలకు బట్టీ సున్నం వాడారు కాబట్టి జిల్లాలో మరే మైదానానికీ అంత తెల్లని గీతలు లేవు. అయితే ఆ గుంజల మధ్య భిక్షం ఆపింది తన బట్టీవాళ్ల బంతులే. హుజూర్‌నగర్ జట్టు దసరా పోయినాక వచ్చి ఆడతామంది. అంతలో ఊరి పటేలు చేత కబురొచ్చింది: సర్కారు జాగాలో ఆడే క్లబ్బుకు జిల్లా క్రీడా గుర్తింపు విభాగం వారి గుర్తింపు ఉండాలి, లేకుంటే జాగా వాపసు తీసుకుంటారు.

ఈ విభాగం గురించి రెండు మాటలు. అది పుట్టినప్పటి నుంచి ఏ క్లబ్బునూ గుర్తించలేదు. అందువల్ల ఏ పొరపాటూ చేయలేదు. అందువల్ల దాన్ని విస్తరించారు.

నల్లగొండ పోయి ఫారం తీసుకున్నాను. తొమ్మిదో గడిలో "క్లబ్బు చరిత్ర, పదేండ్లకు తగ్గకుండా" అని ఉంది. పదేండ్లు ఆడనిదే గుర్తింపు రాదు. గుర్తింపు లేనిదే ఆడరాదు. (ఇంత గుండ్రంగా ఉన్నది ఆ ఆఫీసులో ఇదొక్కటే. బంతి ఎవరూ చూడలేదు.) సూపరింటెండెంటు రఘుపతి ముందు నా బాధ చెప్పుకున్నాను. ఆయన ఫారం రెండు వైపులా తిప్పి చూశాడు.

"చరిత్ర కావాలని రాసున్నది. ఎవల్ది అని రాసున్నదా?"

"లేదు."

"మరి లేని షరతు మీరెందుకు పెట్టుకుంటున్నరు పంతులూ? మీకాడ ఎవల్దన్నా చరిత్ర ఉన్నదా?"

"అజర్‌బైజాన్‌వాళ్లది ఉంది. అది వేరే దేశం."

"చరిత్ర ఉన్నదా, లేదా?"

"ఉంది."

"పెట్టుండ్రి మరి. ఎండల బడి వచ్చిన్రు, జర నీళ్లు తాగి పోండ్రి." అని గ్లాసు తనే కడిగి ఇచ్చాడు. ఆ భవనంలో మనిషి దాహాన్ని అర్జీ లేకుండా గుర్తించిన ఏకైక ఉద్యోగి ఆయనే.

చమురోళ్ల చరిత్రను తెలుగులో రాసి, అది ఎవరిదో పైన పెద్ద అక్షరాలతో రాసి జతచేశాను. అజర్‌బైజాన్ ఏ తాలూకా అని టైపిస్టు అడిగాడట. రాష్ట్రం ఏర్పడ్డాక ఎన్ని సరిహద్దులు మారలేదు, అదీ ఒకటై ఉంటుందని పక్క సీటువాళ్లు సమాధానపరిచారట.

దసరా వచ్చింది, పోయింది. హుజూర్‌నగర్‌వాళ్లను ఆగమన్నాం. డిసెంబరులో విచారణకు రామచంద్రం గారు దిగారు. కోస్తా సర్కారు జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన అధికారి. కోటు, తోలు చెప్పులు, చేతిలో మేము పంపిన చరిత్ర.

"ఏవండీ, చమురు ఉత్పత్తి అని రాశారు. ఎక్కడండీ?"

నేను నోరు తెరిచేలోగా భిక్షం ఆయన్ను ఆముదం గానుగ దగ్గరికి తోలుకపోయాడు. ఎద్దు తిరుగుతోంది. నూనె కారుతోంది. రామచంద్రం గారు వేలితో ముట్టి, వాసన చూసి, "చమురు: ఉన్నది" అని రాసుకున్నారు.

"సముద్రం?"

చెరువు కట్ట ఎక్కించాం. ఆ ఏడు వానలు లేవు. నడిమధ్య నాలుగు బర్రెలు ఎండిన గడ్డి మేస్తున్నాయి. ఆయన చాలాసేపు చూసి, "సముద్రం: వర్షాభావం వల్ల ప్రస్తుతం లేదు" అని రాశారు.

"అయ్యా," అన్నాను, "ఆ చరిత్ర మాది కాదు. పైన రాసే ఉంది."

"పైన రాసింది శీర్షికండీ. మా విచారణ విషయం మీదే."

మైదానానికి వచ్చాం. గీతలు చూసి ఆయన సంతోషించారు. (గీతలు అధికారులను ఎప్పుడూ సంతోషపెడతాయి.) గుంజల మధ్య నిలబడినవాడి పని ఏమిటని అడిగారు.

"ఏది రానియ్యకుండ ఆపుడు సార్. కొట్టుండ్రి, సూపిస్త," అన్నాడు భిక్షం.

రామచంద్రం గారు కోటు గుండీలు పెట్టుకొని, నాలుగడుగులు వెనక్కి వేసి, ఉరికి తన్నారు. బంతి మెల్లగా వచ్చి భిక్షం చేతుల్లో పడింది. ఎడమ చెప్పు ఎగిరి అతని తల మీదుగా గుంజల మధ్య నుంచి పోయింది.

"గోలు," అన్నారు రామచంద్రం గారు.

"బంతి నా చేతులున్నది సార్!"

"నేను తన్నింది లోపలికి వెళ్లింది కదయ్యా."

"చెప్పు గోలైతదా సార్?"

ఆయన అప్పటికే రాసేసుకున్నారు. భిక్షం పోయి చెప్పు తెచ్చి, దుమ్ము దులిపి, ఆయన కాలి ముందు పెట్టాడు. ఆ దినం రాత్రి అన్నం తినలేదని అతని భార్య అండాలు చెప్పింది. "చెప్పుకు ఓడినోనికి అన్నమెందుకని అలిగిండు సారూ. చెప్పుతోని కొట్టినా గింత ఫికర్ చెయ్యకపోవు."

సంక్రాంతి దాటినాక, జతచేసిన చరిత్ర ప్రకారం, ఒకటో తరగతి తాత్కాలిక గుర్తింపు వచ్చింది. భిక్షం అన్నం తిన్నాడు. హుజూర్‌నగర్‌తో ఆట మార్చి మొదటి ఆదివారానికి ఖాయమైంది. గుంజలకు కూడా సున్నం కొట్టారు.

ఫిబ్రవరిలో రష్యా పత్రిక వచ్చింది. చమురోళ్లు వరుసగా ఓడి రెండో తరగతికి దిగిపోయారని లోపలి పేజీలో చిన్నగా ఉంది. నేను దాన్ని ఆదివారం చదవలేదు. చదవాల్సిన పని పడలేదు. మా ఫైలు నిమిత్తం విభాగం వారు కూడా ఆ పత్రిక తెప్పించుకుంటున్నారని నాకు అప్పుడు తెలియదు. వారంలో ఉత్తర్వు వచ్చింది: మేళ్లచెరువు సున్నం కార్మికుల క్లబ్బు ఆట తీరు నిరాశాజనకంగా ఉన్నందున రెండో తరగతికి దించడమైనది. రెండో తరగతి క్లబ్బులకు మైదానానికి అర్హత లేదు. ఓటములకు సంజాయిషీ ఇవ్వవలెను.

సంజాయిషీ భిక్షమే చెప్పాడు, నేను రాశాను. "మేము ఇంతవరకు ఎవలితోని ఆడలేదు. మామీద ఆడింది ఒక చెప్పు. గది మాకు లెక్క కాదు. ఒక్క ఆట ఆడనిచ్చి, అటెన్క దించుండ్రి."

జవాబు మర్యాదగా ఉంది. ఆడకపోవడమే ఓటమికి ముఖ్య కారణమని విభాగం కూడా అభిప్రాయపడింది. పైగా, స్వయంగా విభాగంతో జరిగిన ఏకైక ఆటలో క్లబ్బు సున్నాకు ఒకటితో ఓడినట్టు రికార్డులో ఉంది.

మార్చి మొదటి ఆదివారం హుజూర్‌నగర్‌వాళ్లు బండి కట్టుకొని రానే వచ్చారు. గీతల బయట నిలబడి, మా గీతలు బాగున్నాయని మెచ్చుకొని, భిక్షం ఇంట్లో చాయ తాగి పోయారు. వాళ్ల కెప్టెను ఒక్క ఎగతాళి మాట అనలేదు. పోతూ భిక్షం భుజం మీద చెయ్యి వేసి, "ఎప్పుడంటె అప్పుడొస్తం అన్నా" అన్నాడు.

తర్వాత సంగతి త్వరగా జరిగింది, అంటే రెండేళ్లలో. గ్రామీణ క్లబ్బులను దగ్గరుండి గుర్తించడానికి విభాగం వారు మేళ్లచెరువులో ఉపకార్యాలయం మంజూరు చేశారు. స్థలం వెదకనక్కరలేకపోయింది. బట్టీల వెనక రాళ్లు ఏరి, చదును చేసి, గీతలు కూడా గీసి పెట్టిన జాగా ఖాళీగా ఉంది. పునాదులు ఆ గీతల మీదనే తవ్వారు. సున్నం మా బట్టీలదే. వేప గుంజలు గట్టివని మెచ్చి వాటినే వాకిలి ద్వారబంధానికి నిలబెట్టారు, ఉన్నచోటనే. ఆట కోల్పోయిన క్రీడాకారులకు ఆదరువు చూపాలన్న కొత్త నియమం కింద భిక్షాన్ని చౌకీదారుగా వేసుకున్నారు.

"గోలు కాసినన్ని దినాలు పైస లేదు," అన్నది అండాలు. "గాడనే తలుపు కాస్తే జీతమిస్తున్రు. గిదేం సర్కారు సారూ, తలుపు బిగించినంక గుర్తుపట్టుడు!"

"నువ్వు ఊకో. ఖాకీ అంగీ ఇచ్చిన్రు గద," అన్నాడు భిక్షం. అంగీ అతనికి బాగానే కుదిరింది. అదొక్కటి ఒప్పుకోవాలి.

1964 కార్తీకంలో పత్రిక మళ్లీ కబురు తెచ్చింది. చమురోళ్లు తిరిగి ఒకటో తరగతికి ఎక్కారు. ఆ సగం వేలు గోలీ ఇంకా ఆడుతున్నాడు, తల నెరిసింది. వెనువెంటనే నల్లగొండ నుంచి ఉత్తర్వూ వచ్చింది: మేళ్లచెరువు క్లబ్బు ప్రశంసనీయంగా పుంజుకున్నందున ఒకటో తరగతి పునరుద్ధరించడమైనది. మైదానానికి, ఆటకు అర్హత కలదు. అర్జీ స్థానిక ఉపకార్యాలయంలో దాఖలు చేసుకోవలెను.

హుజూర్‌నగర్ కెప్టెను దగ్గరికి మనిషిని పంపాను. మాట మాటే, వస్తామన్నాడు. ఆ దినమే అర్జీ రాసి, బడి విడిచినాక నడిచి పోయాను. పొద్దు గూకుతోంది. లోపల అధికారులు అప్పటికే వెళ్లిపోయారు. వాకిట్లో భిక్షం లాంతరు ముట్టించుకుంటున్నాడు.

"గిదేం కాయిదం సార్?"

"నీ ఆట, భిక్షం. చమురోళ్లు మళ్లీ పైకెక్కారు. మనకు మైదానమిస్తారు."

అతను కాగితాన్ని సుద్దముక్క వేళ్లతో పట్టుకొని లాంతరు దగ్గరికి తీసుకుపోయాడు. చదవడం రాదు, అయినా చాలాసేపు చూశాడు.

"వాళ్ల గోలీ ఆడుతుండా ఇంక?"

"ఆడుతున్నాడు."

"మంచిగయింది." లాంతరు వత్తి సవరించి, "మన జాగా ఏడున్నది సార్?" అన్నాడు.

నేను ఆఫీసు వైపు చూశాను.

"అంటే, ఆఫీసును లేపుమని ఆఫీసుకే అర్జీ."

"పెట్టి చూద్దాం. లోపల బల్ల మీద పెట్టిరా."

"టైమైనంక కాయిదం లోపటికి పోవద్దని హుకుం సార్. ఎవల్దైనా." కాగితాన్ని నలగకుండా మడిచి నా చేతిలో పెట్టాడు. "రేపు రాండ్రి. చీకటి పడ్తాంది, తొవ్వల రాళ్లున్నయి, పైలం."

అతను వేప గుంజల మధ్య నిలబడి, అలవాటు కొద్దీ మోకాళ్లు కొంచెం వంచి, ఇటూ అటూ ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

ఆ గుంజలు పాతినప్పటి నుంచి ఇప్పటిదాకా భిక్షాన్ని దాటి లోపలికి పోయింది ఒక్కటే. అది సర్కారువారి ఎడమ చెప్పు.