లావు తీగ సీనియారిటీ

రాష్ట్రంలో మోగే ప్రతి తీగనూ తొంభై రోజుల్లో కంప్యూటర్ ఎక్కించి తీరుతామని 2002లో ఒక శుభముహూర్తాన మంత్రిగారు ప్రకటించారు. ఎందుకని అడిగే విలేకరులకు బిర్యానీ ముందే వడ్డించారు కాబట్టి ప్రకటన నిర్విఘ్నంగా ముగిసింది.

ఆ మహత్కార్యం కోసం హుస్సేనీ ఆలంలో ఓ పాత ఇల్లు అద్దెకు తీసుకుని 'తంత్రీవాద్య గణనీకరణ సంచాలక కార్యాలయం' అని బోర్డు కట్టారు. చివరి మూడక్షరాలు పక్కింటి గోడ మీదికి వెళ్లాయి. పక్కింటివాళ్లు మంచివాళ్లు, ఏమీ అనలేదు.

డైరెక్టర్ కృష్ణప్రసాద్‌గారు కోస్తా నుంచి వచ్చిన నిప్పులాంటి మనిషి. సంగీతం తెలియదు. అంతకన్నా ముఖ్యమైనది తెలుసు. ఇరవై రెండేళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సీనియారిటీ జాబితాలు తయారుచేశారు, ఒక్కదాని మీదా కోర్టు కేసు పడలేదు.

ఆఫీసులో మూడు పర్మినెంటు పోస్టులు ఖాళీగా ఉన్నాయి. పనిచేసేవాడు మాత్రం ఒక్కడే, కంప్యూటర్ ఆపరేటర్ కృపాకర్. ఆదివారం చర్చిలో గిటారు వాయిస్తాడు. మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి పొడిగించే కాంట్రాక్టు మీద బతుకుతాడు. పర్మినెంటు ఆర్డరు చూపిస్తేనే పెళ్లి మాట ఎత్తమని అతడు ప్రేమించిన అమ్మాయి బేబీ తండ్రి తెగేసి చెప్పాడు. ఈ పని సక్రమంగా ముగిస్తే ఒక పోస్టు నీదేనని డైరెక్టర్‌గారు అభయమిచ్చారు.

మొదటి కళాకారుడిగా గౌలిపుర పాల గుండయ్య దొరికాడు. పాల క్యానుకు కర్ర బిగించి, మెట్లు పెట్టి, మూడు తీగలు కట్టిన బాజా ఆయనది. అది వాయిస్తే తప్ప ఆయన బర్రె చేపదు, చుక్క పాలు దిగవు.

కృపాకర్ పని మొదలుపెట్టాడు. తీగకో గీత గీసి, ఏ మెట్టు మీద వేలు పెట్టాలో ఆ గీత మీద అంకె వేయడం పద్ధతి. దాన్ని టాబ్లేచర్ అంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది ఆరు తీగల గిటారు. వేరే వాయిద్యమైతే కస్టమ్ ట్యూనింగ్ అనే చోట తీగలెన్నో, ఏది ఏ శ్రుతో మనమే చెప్పాలి. కృపాకర్ సన్న తీగను ఒకటో నంబరుగా పెట్టి, గుండయ్య పాటంతా అంకెల్లో ఎక్కించాడు. డైరెక్టర్‌గారు చూడవచ్చారు.

"ఏమయ్యా, మొదటి స్థానంలో సన్న తీగ ఎందుకుంది?"

"పద్ధతి గట్లనే ఉంటది సార్. గిటారుల గూడ సన్నదే ఒకటో నంబరు."

"ఏ జీవో ప్రకారం?"

కృపాకర్ దగ్గర జీవో లేదు. డైరెక్టర్‌గారు గుండయ్య వైపు తిరిగారు. "లావు తీగ ఎప్పుడు చేరింది?"

"నేను పుట్టకముందు మా బాపు కట్టిండు సార్. నడిమిది నా పెండ్లప్పుడు. సన్నది మొన్న దసరాకు పత్తర్‌గట్టిల కొన్న."

"విన్నావా? మొన్న చేరినదాన్ని అందరి నెత్తినా కూర్చోబెట్టావు. రేపు లావు తీగ కోర్టుకెళితే?"

"సార్, అంకెలన్నీ ఎక్కించిన. ఇప్పుడు తీగల వరుస మారిస్తే పాట తలకిందులైతది."

"పాట తలకిందులైతే సర్దుకోవచ్చు. సీనియారిటీ తలకిందులైతే నా పెన్షన్ ఆగుతుంది."

కృపాకర్‌కు బేబీ తండ్రి మొహం గుర్తొచ్చింది. లావు తీగకు ఒకటో స్థానం ఇచ్చాడు. డైరెక్టర్‌గారు ఆ జాబితాను, చేరిన తేదీలతో సహా, మూడు ప్రతులు తీయించి సచివాలయానికి పంపారు.

ప్రారంభోత్సవానికి గుండయ్య బర్రెను బంతిపూలతో అలంకరించి గుమ్మంలో కట్టారు. మంత్రిగారు మౌస్ నొక్కారు. సన్న తీగ మీద గలగలా పరుగెత్తాల్సిన పాట లావు తీగ మీద మూలిగింది. బర్రె ఒక్క క్షణం విని, పలుపు తెంపుకుని చార్మినార్ వైపు ఉరికింది.

"పశువులను సైతం కదిలించే సంగీతం!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

"గది నా పాటేనా తమ్మీ?" అన్నాడు గుండయ్య బిక్కమొహం వేసి.

"నీదే అన్నా. జర సర్కారుదయింది."

నెల తిరక్కుండానే సచివాలయం నుంచి ఆర్డరొచ్చింది. కృపాకర్ ఆత్రంగా విప్పాడు. 'సీనియారిటీ జాబితాలోని లావు తీగ, నడిమి తీగ, సన్న తీగలను ఖాళీగా ఉన్న మూడు పోస్టుల్లో పర్మినెంటు చేయడమైనది. బాజా పదిన్నర నుంచి ఐదు వరకు ఆఫీసులో హాజరుగా ఉండవలెను. ఆపరేటరు కాంట్రాక్టు మూడు నెలలు పొడిగించడమైనది. తీగల తరఫున హాజరుపట్టీలో సంతకాలు అతడే చేయవలెను.'

"ఎంత త్వరగా పరిష్కరించారో చూశావా?" అని డైరెక్టర్‌గారు మురిసిపోయారు.

కృపాకర్ రోజూ మూడు సంతకాలు పెట్టసాగాడు. గుండయ్య ఆ అవస్థ చూడలేకపోయాడు. ఒక పొద్దున పాలు పోసి ఆఫీసుకొచ్చి, బాజా ఒళ్లో పెట్టుకుని సన్న తీగ బిరడా తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. తీగ టప్పున తెగింది.

"ఫికర్ చేయకు తమ్మీ. నీకో జాగ ఖాళీ చేసిన. దరఖాస్తు రాస్కో."

కృపాకర్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగున దరఖాస్తు రాసి డైరెక్టర్‌గారి ముందు పెట్టాడు. ఆయన తెగిన తీగను చూసి, కళ్లజోడు తీసి, లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు.

"సర్వీసులో ఉండగా పోయింది పాపం," అన్నారు చివరికి. "దీనికి అయినవాళ్లెవరైనా ఉన్నారా?"

కృపాకర్ గుండయ్య కాలు తొక్కాడు. గుండయ్య పాలల్లో నీళ్లు కలిపి ఎరగడు, అబద్ధమూ ఎరగడు.

"తీగకు ఎవలుంటరు సార్? పత్తర్‌గట్టిల తీగ చుట్ట కొన్న, గండ్లకెల్లి తునక కట్టిన. మిగిలింది ఇంట్లున్నది."

"అంటే తోబుట్టువే!" అన్నారు డైరెక్టర్‌గారు. "కారుణ్య నియామకం కింద వెంటనే తీసుకుందాం. ఆర్డరు టైపు చెయ్యి కృపాకర్."

కృపాకర్ ఒక్క తప్పు లేకుండా టైపు చేశాడు. కొత్త తీగ ఆ మధ్యాహ్నమే డ్యూటీలో చేరింది. హాజరుపట్టీలో సంతకం కృపాకర్ పెట్టాడు.