ఉప్పలయ్య ఇచ్చిన షోకాజ్ నోటీసులు

"చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నేరస్థులకు ఆఖరి హెచ్చరిక! మీ పాలిట యముడు, అపరాధ పరిశోధక చక్రవర్తి ఉప్పలయ్య, ఎల్ఎల్‌బీ రెండో సంవత్సరం, ఈ గదిలోనే ఉన్నాడు."

తొంభై నాలుగు ఏప్రిల్లో ఓ పొద్దున మా అశోక్‌నగర్ గది తలుపుకు ఈ కాగితాన్ని నాలుగు అన్నం మెతుకులతో అతికించి, వెనక్కి జరిగి తనే మురిసిపోయాడు నా రూమ్మేటు ఉప్పలయ్య. చక్రవర్తి ఒంటి మీద చిరుగుల బనియను తప్ప ఏమీ లేదు, లుంగీ మినహా.

సరిగ్గా అప్పుడే నేను చదవడానికి కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి నారాయణగూడలో అడ్మినిస్ట్రేటివ్ లా పరీక్ష. అప్పటికే రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే వచ్చి గొర్లు కాయమని మా నాయన ఉత్తరం రాశాడు. మా క్లాసులో చదివే చిక్కడపల్లి మనోరమ జాలిపడి ఇచ్చిన ఇరవై పేజీల నోట్సే నాకు దిక్కు. ఒకవైపే రాసిన విడి కాగితాలు. దుమ్ము పడకుండా బల్ల మీద బోర్లించి పెట్టాను. లెక్కపెడితే పంతొమ్మిదే ఉన్నాయి. సహజ న్యాయ సూత్రాల పేజీ లేదు.

"సుమంత్, పరేషాన్ గాకు," అన్నాడు ఉప్పలయ్య భూతద్దం తీసి. "అనుమానితులు ఇద్దరు. ఓనరు రామక్క, ఇస్త్రీ దుర్గయ్య."

"అయితే పోయి అడుగుదాం పా."

"అడుగుడా? లా చదివేటోడివేనా నువ్వు? నోటీసియ్యకుండ మనిషిని అడుగొద్దు. ముందు షోకాజ్. తర్వాత వివరణ. తర్వాత విచారణ. గప్పుడు శిక్ష!"

నేను స్నానం చేసి వచ్చేసరికి నోటీసులు రెండూ మడతపెట్టి ఇచ్చి వచ్చాడు. నోట్సు చూస్తే పదిహేడు పేజీలే.

"దొంగ మామూలోడు కాదు! విచారణ నడుస్తుంటెనే చేతివాటం చూపిండు!" అని తొడ చరిచాడు.

జవాబు రాలేదని, నేను చాయ్ తాగొచ్చేలోగా చెరొక రిమైండరు పంపాడు. పేజీలు పదిహేను. ఎండాకాలం బర్రె పాలలా నోట్సు ఇగిరిపోతోంది.

అంతలో ఒక చేత చీపురు, ఇంకో చేత చీటీలతో రామక్క వచ్చింది. "ఏమయ్యా ఉప్పలయ్య! పొద్దుగాల నుంచి రెండు చీటీలేసినవ్. ఓనరు చీటీ ఇస్తే కిరాయిదారు ఖాళీ చేస్తడు. నువ్విస్తే నేను ఖాళీ చెయ్యాల్నా?" అంటూ చీపురుతో తలుపు మీద ఒక్కటి ఇచ్చింది.

మెతుకులు ఊడాయి. ఆఖరి హెచ్చరిక బోర్లా పడింది. వెనుక మనోరమ గుండ్రని దస్తూరి: "సహజ న్యాయం. సూత్రం ఒకటి: తన కేసుకు తానే న్యాయమూర్తి కారాదు."

రామక్క చేతిలోని చీటీలు లాక్కొని తిప్పాను. ఏడో పేజీ, ఎనిమిదో పేజీ.

"రఫ్ కాగితాలనుకున్న," గొణిగాడు ఉప్పలయ్య.

"ముందు పక్క చూడలేదారా?"

"డిటెక్టివ్ ఎప్పుడైనా వెనక పక్కనే చూస్తడు." అంతలోనే ఛాతీ విరుచుకున్నాడు. "ఎట్లయితేంది, దొంగను పట్టిననా లేదా?"

"పట్టినవ్. ఇగ శిక్ష వెయ్యాలె," అంది రామక్క చీపురు ఎత్తి.

"ఆగక్కా! నా వివరణ వినకుండ శిక్షేంది? ముందు నాకు నోటీసియ్యాలె. ఉండు, నేనే రాసిస్త," అని కాగితం కోసం బల్ల వైపు చెయ్యి చాపాడు.

పదిహేను పేజీలనూ చొక్కాలో దోపుకొని, చేతిలోని మూడింటితో మెట్లు దూకాను. కింద దుర్గయ్య నా పరీక్ష చొక్కాను మిగతా రెండింటిలో చుడుతున్నాడు.