డిక్కీలో చల్లగాలి

బాజా బావ కారులో పాట మంచి పట్టులో ఉండగా ఠక్కున ఆగిపోయేది. కారు ఆగితే తోయడానికి నలుగురు దొరుకుతారు. పాట ఆగితే ఎవర్ని పిలుస్తాం?

కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే ఈ పెద్దమనిషికి బాజా బావ అని పేరు పెట్టింది, లాడ్జి నడుపుకునే ఆయన బావమరిది. డిక్కీలో అడ్డంగా బిగించిన యాంప్లిఫయర్ తెచ్చిపెట్టిన పేరది. ఇరవై నిమిషాలు మోగితే చాలు, ఆ ఇనప్పెట్టె పెనంలా కాలిపోయి దానంతటదే మూగబోయేది. మళ్లీ చల్లారేదాకా ఉలకదు, పలకదు.

"అలిగిందండీ పాపం, వెళ్లి బతిమాలండి," అనేది భార్య.

ఆవిడకి ఆ పెట్టె మీద కోపం ఊరికే రాలేదు. ఇంట్లో మిషన్ పెట్టుకుని దిండ్లు కుట్టి, హాస్టళ్లకీ లాడ్జీలకీ అందించడం ఆవిడ పని. డిక్కీలో యాంప్లిఫయర్ తిష్ఠ వేశాక దిండ్లన్నీ వెనక సీటెక్కాయి. వాటి మధ్య పదో తరగతి కూతురు ముక్కు ఒక్కటే కనబడేలా కూర్చునేది.

చివరికి ఆవిడ తేల్చి చెప్పింది. "ఈ ఆదివారం అన్నయ్య దగ్గరికి వెళ్తున్నాం. గంట ప్రయాణం. దారిలో పాట ఒక్కసారి ఆగిందా, ఆ పెట్టె ఇంట్లోంచి పోతుంది, డిక్కీ నాదవుతుంది."

"ఆగకపోతే?"

"ఈ జన్మలో దాని ఊసెత్తను."

"మాట మీద ఉంటావా?"

"మీతో వేగుతానని పెళ్లిలో మాటిచ్చాను. పద్దెనిమిదేళ్లుగా వేగట్లేదూ?"

బావకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఎలక్ట్రికల్ షాపుకి పరిగెత్తాడు. వేడికి విరుగుడు గాలేననీ, మూడు చిన్న ఫ్యాన్లు బిగిస్తే పెట్టె చల్లగా ఉంటుందనీ షాపువాడు చెప్పాడు. అవి వచ్చేవారం గానీ రావనీ చెప్పాడు.

వచ్చేవారానికి పెట్టే ఉండదు కదా! దిగాలుగా ఇంటికొచ్చి కూర్చున్న బావకి అప్పుడొక మహా సత్యం తట్టింది. ఇంట్లో సగం వస్తువుల కడుపులో ఒక బుల్లి ఫ్యాన్ ఉంటుంది. పైకి కనబడని వస్తువు ఎవరికీ అక్కర్లేదని ఆయన తీర్మానించుకున్నాడు.

సోమవారం భార్య దిండ్లు ఇచ్చి రావడానికి వెళ్లగానే కూతురి కంప్యూటర్ పొట్ట విప్పాడు. మంగళవారం ఇండక్షన్ స్టవ్ బోర్లా పడుకుంది. బుధవారం ఓనరు టీకి వెళ్లిన పది నిమిషాల్లో షాపులో అద్దాలు అరగదీసే మెషీన్‌కి కూడా ఆపరేషన్ జరిగిపోయింది. మూడు ఫ్యాన్లనీ ప్లైవుడ్ ముక్కకి బిగించి, యాంప్లిఫయర్ మీద మూతలా కూర్చోబెట్టి, బావ చంకలు గుద్దుకున్నాడు.

రెండు రోజులు ఎలాగో ఓర్చుకున్న వస్తువులన్నీ గురువారం తెల్లారేసరికి ఒక్కసారే తిరగబడ్డాయి.

"ఏమండీ, స్టవ్ పది నిమిషాలకోసారి కుయ్యిమని ఆగిపోతోంది!"

"వోల్టేజీ."

"నాన్నా, నా కంప్యూటర్ కాలిపోతోంది! సైన్సు ప్రాజెక్టు సగంలో పోయింది!"

"వోల్టేజీయేనమ్మా."

"పక్కింట్లో బాగానే ఉందిగా?" అంది భార్య.

"వాళ్లది వేరే వోల్టేజీ."

సగం ఉడికిన కూర తిని షాపుకి వెళ్తే అక్కడా అదే గోల. ఒక పెద్దాయన కళ్లజోడుకి కుడివైపు అద్దం పూర్తయ్యేసరికి మెషీన్ సెగలు కక్కి ఆగిపోయింది. "ప్రస్తుతానికి ఒక కన్నుతో సర్దుకోండి బాబాయిగారూ," అని ఓనరు బతిమాలి పంపించాడు. ఆయన సరేనని గుమ్మం అనుకుని అలమారలోకి నడిచాడు. బావ ఆయన్ని బయటికి లాగి రోడ్డు మీద వదిలిపెట్టాడు.

ఒక్క పెట్టె చల్లబడాలని ఊళ్లో ఉన్న పెట్టెలన్నింటికీ జ్వరం తెప్పించాడు మహానుభావుడు!

శుక్రవారం సాయంత్రం పరీక్ష పెట్టుకున్నాడు. పాట పెట్టి, ఫ్యాన్లు వేసి, బజారు వీధిలోకి కారు తీశాడు. డిక్కీలో ఆ పక్కనే భార్య దూది మూట పెట్టి ఉందన్న సంగతి ఆయనకి తెలీదు. మూట మూతి వదులుగా ఉన్న సంగతి ఫ్యాన్లకి తెలిసింది. మూడూ కలిసి దూదిని ఇటు పీల్చి, వెనక సీటు సందుల్లోంచి అటు ఊదడం మొదలుపెట్టాయి.

రెండు నిమిషాల్లో ముందు అద్దం కనబడలేదు. మూడో నిమిషంలో స్టీరింగ్ కనబడలేదు. కిటికీలు దించితే దూది వీధిలో పడింది, వీధంతా వెనకాల పడింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల వేసి ఆపాడు.

"ఏంటయ్యా, కారులో పొగ?"

"పొగ కాదండీ, దూది."

"దూది ఎందుకు ఎగురుతోంది?"

"పాట ఆగకూడదని."

కానిస్టేబుల్ ఆయన్ని కిందికీ పైకీ చూశాడు. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా మిమ్మల్ని చూసుకోడానికి?" అని అడిగి జాగ్రత్తగా పంపేశాడు.

ఇంటికొచ్చిన బావని చూసి భార్య అరవలేదు, అదే ఆయన్ని భయపెట్టింది. డిక్కీలోకి ఒకసారి తొంగిచూసి, ఆయన చెవిలోంచి దూది మెల్లిగా లాగి, "ఆ ఫ్యాన్లు ఎక్కడివండీ?" అని మాత్రం అడిగింది.

"ఎక్కడివేంటి? షాపులో కొన్నాను."

"అలాగా," అంది.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆవిడ 'అలాగా' అన్న తర్వాత ఆయనకి మంచి జరిగిన దాఖలా ఒక్కటీ లేదు. అయినా శనివారమంతా షాపులో పనితో పొద్దుపోయి, ఆ ముక్క మర్చిపోయాడు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరారు. డిక్కీ తెరిచి ఒకసారి ఫ్యాన్లు చూసుకుంటానంటే, "ఇప్పటికే ఆలస్యమైంది, ఎక్కండి," అని భార్య తరిమింది. పాట మొదలైంది. ఇరవై నిమిషాలు దాటాయి. బావ గడియారం చూసుకున్నాడు. ముప్పై, నలభై. పాట మీద పాట నడుస్తోంది. చప్పుడు కాస్త తగ్గినట్టు అనిపించింది గానీ, చల్లబడ్డ గొంతు అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాడు. కూర్చున్నచోట కొంచెం వెచ్చగా కూడా ఉంది. గెలుపు వేడి కాబోలనుకున్నాడు.

గంట పూర్తయింది. లాడ్జి ముందు కారు ఆగింది, పాట ఆగలేదు.

"బావా! ఇలా రా!" అని పొలికేక పెట్టాడు. బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "నన్ను బాజా బావ అన్నావుగా? ఇంజనీరు బావ అనాలి ఇకనుంచి. చూడు నా ఫ్యాన్లు!" అంటూ డిక్కీ తెరిచాడు.

లోపలినుంచి ఒక దిండు జారి ఆయన గుండెల మీద పడింది. దాని వెనక ఇంకోటి. డిక్కీ నిండా తెల్లగా, బొద్దుగా, వరసగా దిండ్లు. పెట్టె లేదు, ప్లైవుడ్డూ లేదు.

"ఇవేంటే?" అన్నాడు గుడ్లు తేలేసి.

"దిండ్లు. పద్నాలుగు. అన్నయ్య ఆర్డరు."

"నా యాంప్లిఫయర్?"

"గంటనుంచి దాని మీదే కూర్చున్నారు కదండీ."

బావ చెయ్యి తెలియకుండానే ప్యాంటు వెనక్కి పోయింది. కూతురు నవ్వాపుకోలేక ఒక దిండు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నిన్న మీరు షాపులో ఉండగా మెకానిక్‌ని పిలిపించాను," అంది భార్య తాపీగా. "చప్పుడు బాగా రావాలని మీరు దాని మర చివరికంటా తిప్పేశారట. అందుకే కాలిపోతోందట. సగానికి తగ్గించి, సీటు కింద బిగించి వెళ్లాడు. గంట పని."

"మరి ఫ్యాన్లు?"

"ఒకటి స్టవ్‌లో, ఒకటి కంప్యూటర్లో. మూడోది అద్దాల మెషీన్‌దని మెకానిక్ చెబితే, సాయంత్రం మీరు ఇంటికొచ్చాక మీ ఓనరుగారి చేతిలోనే పెట్టాను. రేపు కాస్త పెందలాడే రమ్మన్నారు మిమ్మల్ని."

బావ మొహం మాడిపోయింది. అంతలోనే ఆశ మెరిసింది. "అయితే పందెం నేనే గెలిచాను! పాట ఆగలేదుగా!"

"గెలిచారండీ, కాదన్నానా? ఇక జన్మలో ఆ పెట్టె ఊసెత్తను."

"మరి డిక్కీ?"

"గెలిస్తే డిక్కీ కావాలని మీరు అడగలేదుగా."

బావ తల గోక్కున్నాడు. ఎంత గోక్కున్నా ఆ పందెంలో డిక్కీ తన వైపు రాలేదు.

"పోనీలే బావా, గెలిచినోడివి," అని బావమరిది రెండు దిండ్లు తీసి ఆయన చంకల్లో ఇరికించాడు. "రెండో అంతస్తు. మెట్లు ఇటు."

ఇంజనీరు బావ ఏడుసార్లు ఎక్కి దిగాడు. కింద కారులో పాట ఒక్కసారి కూడా ఆగకుండా మోగుతూనే ఉంది. మధ్యలో ఆయనకే విసుగొచ్చి, "దాన్ని కాసేపు ఆపవే తల్లీ!" అని మెట్ల మీదనుంచి అరిచాడు.

"ఆ పెట్టె ఊసెత్తనని మాటిచ్చానండీ," అంది భార్య కిందనుంచి.