రోజారమణి అర్జీలోంచి మొలిచిన పార్కు

“ఈ పార్కులో ఏదో ఒకరోజు నిన్ను పాము కరవనే కరస్తాది, నా మాట రాసిపెట్టుకో” అంది రోజారమణి.

అప్పటికి పామూ కరవలేదు, కుక్కా కరవలేదు. కాకపోతే రేపు పడాల్సిన భయం ఇవాళే పడి పెట్టుకోవడం ఆమెకు అలవాటు. కూతురు దుర్గ బూట్ల తాళ్లు బిగించుకుంటూ, “పాము వెంటబడితే మంచిదే మా! నా టైము ఇంకో అర నిమిషం తగ్గతాది” అంది.

దుర్గ కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. తర్వాతది పరుగు. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. పరిగెత్తడానికి వీలున్న నేల ఆ పట్టణం మొత్తానికి ఒక్కటే. మునిసిపాలిటీ వారు ఇరవై ఏళ్లుగా ఎంతో ఓర్పుతో పట్టించుకోకుండా కాపాడుకొస్తున్న పార్కు అది. అందులో ఎవరూ నాటని కంప ఉంది. ఎవరూ వేయని మట్టిబాట ఉంది. అయిదు చుట్లు తిరిగితే సరిగ్గా పదహారు వందల మీటర్లు.

రోజారమణి ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి అర్జీ రాయడానికి కూర్చుంది. వాకాడు వైపు నుంచి ఆటోలో చేపలు తెచ్చే ఆమె భర్త చెంచయ్య, “మునిసిపాలిటీని కదిలించబాక మే. పడుకోనుండేదే మనకు మేలు” అన్నాడు. ఆమె వినలేదు.

“అయ్యా, పార్కులో పాములు ఉండాయి. లైటు లేదు, చీకటి. మా పాప తెల్లారుజామున ఆడ పరిగెత్తతా ఉండాది. కంప కొట్టించి, ఒక్క లైటు వేయించవలెను.”

ఆఫీసు సంప్రదాయం ప్రకారం ఇలాంటి అర్జీకి జవాబు రాకూడదు. కానీ ఆ వారమే, పట్టణంలో ఒక పార్కును ప్రజల ఆకాంక్షల మేరకు సుందరీకరించాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. ప్రజల ఆకాంక్ష అనే వస్తువు కోసం బీరువాలన్నీ గాలిస్తే దొరికిన కాగితం ఇదొక్కటే.

బెంగళూరు నుంచి వినోద్ అనే కళా నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన అర్జీని మూడుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “పాము! చీకటి! పరిగెత్తే ఆడపిల్ల! ఈ తల్లి రాసింది అర్జీ కాదండీ, కవిత్వం” అన్నాడు. కవిత్వం ఎక్కడైనా కంప కొట్టించమని అడుగుతుందా? అందుచేత ఆ చివరి వాక్యాన్ని ఆయన వదిలేశాడు.

అయినా ఇంజనీరు మాల్యాద్రి గారు కంప కొట్టించారు. చెయ్యి తిరిగాక ఆగుతుందా, చింతచెట్లు కూడా కొట్టించారు. కొంగలు గూళ్లు కట్టుకున్న చోట, పులికాట్ సరస్సును తలపించేలా పదకొండు సిమెంటు కొంగలను నిలబెట్టారు. నిజం కొంగలుంటే సిమెంటు కొంగల మీద రెట్ట వేస్తాయని, ముందుచూపుతోనే చెట్లు తీయించామని ఆయన పత్రికలవారికి తెలియజేశారు.

అర్జీదారు కోరిక మేరకు పాముకు సముచిత స్థానం కల్పించారు. నలభై అడుగుల పొడవున మెలికలు తిరిగే బెంచీ, చివర పడగ, పడగ కింద ఫొటో దిగే చోటు. అసలు పాములకు మాత్రం అందులో చోటు లేకపోయింది. అవి పక్కవీధికి తరలాయి. వాటిలో ఒకటి రోజారమణి వాళ్ల స్నానాలగది వెనక స్థిరపడింది. లైటు బదులు ఇరవై అడుగుల స్టీలు దీపం వెలిసింది. అది వెలగదు. వెలుగు అనే భావాన్ని సూచిస్తుంది.

మట్టిబాట తవ్వేసి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. గేటుకు బోర్డు పెట్టారు: సందర్శన వేళలు ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు. గడ్డి తొక్కరాదు. పరిగెత్తరాదు.

దుర్గ హైవే ఎక్కింది. ఆమె ముందు, వెనక ఆటోలో చెంచయ్య, ఆటోలో కళ్లు మూసుకుని రోజారమణి. ఆమె భయాల జాబితాలో పాము, పిచ్చికుక్క, గొలుసు దొంగ ఉన్నారు గానీ రొయ్యల లారీ లేదు. నాలుగో రోజున అలాంటి లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోతే, ఆ గాలికి దుర్గ పక్క గుంటలో పడింది. మోకాలు చీరుకుపోయింది. “ఈ పొద్దు గుంటలో పడింది, రేపు చక్రాల కింద పడితే?” అని తల్లి రోడ్డు మీదే కూలబడింది. “మోకాలే గదా మా, కాలు ఉండాది లే” అని కూతురు కుంటుకుంటూ లేచింది. పరుగు పరీక్షకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.

సరిగ్గా ఆ సాయంత్రమే పార్కు ప్రారంభోత్సవం. ఒకప్పటి మట్టిబాట నడిమధ్యలో, గ్రానైటు దిమ్మె మీద, చుట్టూ గొలుసుల కంచెతో ఒక ఫైబర్ అమ్మాయి. ఒక కాలు గాల్లో, జడ గాల్లో. చైర్మన్ నరేంద్రబాబు గారు తెర లాగి ఉపన్యసించారు.

“మిత్రులారా! ఆడపిల్ల ఇల్లు దాటకూడదన్న రోజులు పోయాయి! ఈ పట్టణపు ఆడపిల్ల ఇకపై పరిగెత్తుతుంది! ఆమె పరుగును ఆపగల మగవాడు పుట్టలేదని ఈ గ్రానైటు సాక్షిగా మనవి చేస్తున్నాను!”

చప్పట్లు మోగాయి. గేటు దగ్గర దుర్గ పేరుకైనా చప్పట్లు కొట్టకుండా, కట్టు కట్టిన కాలిని జాగ్రత్తగా చాచుకుని చూస్తూ నిలబడింది. ఆకాంక్ష గల ప్రజలుగా రోజారమణిని విగ్రహం ముందున్న వేదిక మీదకు పిలిచి, శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది. “అయ్యా, బొమ్మ బాగుండాది. మా పాపకు పన్నెండు రోజుల్లో పరుగు పరీక్ష. ఈ గేటు తెల్లారుజామున తీయించరా? రోడ్డు మీద లారీలు చంపేసేటట్టు ఉండాయి. ఆ బిడ్డ ఇంక ఏడ పరిగెత్తాల?”

చైర్మన్ గారు దండలోని పూలు లెక్కపెట్టుకున్నారు. మాల్యాద్రి గారు గడ్డి వైపు, వినోద్ ఆకాశం వైపు చూశారు. విగ్రహం మాట్లాడదని అందరికీ తెలుసు కాబట్టి దాన్నెవరూ తప్పుపట్టలేదు. మైకు ఒక్కటే గుయ్యిమంటోంది. కింద ఉన్న మూడొందల మందీ, అంటే మీలాంటి నాలాంటి పెద్దమనుషులందరూ, సెల్‌ఫోన్లు తీసి విగ్రహం వైపు తిప్పారు.

ముందు వరసలోంచి ఒకామె తన సెల్‌ఫోను పైకెత్తి, విగ్రహాన్ని చూపిస్తూ ఎంతో ఆప్యాయంగా బదులు చెప్పింది.

“అదిగో, ఈడ పరిగెత్తతా ఉండేది మీ పాపే గదక్కా! రవంత పక్కకు జరుగు, అడ్డం వస్తా ఉండావు.”